రేకుల కింద స్పానిష్

నా చిన్నప్పుడు నేను ధైర్యంగా నోరు తెరిచి మాట్లాడిన మొదటి పరాయి భాష ఇంగ్లీషు కాదు, స్పానిష్. ఎవరూ నమ్మరు. ఇప్పుడు నా దగ్గర స్పానిష్ నేర్చుకునే పిల్లలైతే అసలే నమ్మరు. లింగంపేటలో స్పానిష్ ఎవరు చెప్పారు మేడమ్ అని నవ్వుతారు. చెప్పింది మా పక్కింటి అక్క. చెప్పిన చోటు మా అవ్వ ఇంటి ముందు రేకుల కింద, బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్యన.

అప్పటికి తెలంగాణ రాలేదు. మా ఊళ్లన్నీ ఇంకా నిజామాబాద్ జిల్లాలోనే ఉండేవి. మాది పెద్దకొడప్‌గల్ దగ్గర ఒక చిన్న పల్లె. మా అమ్మా బాపూ దసరా దాటగానే చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర వైపు వెళ్లేవాళ్లు, నన్నూ వెంట తీసుకెళ్లేవాళ్లు. తెలుగూ మరాఠీ కన్నడమూ అన్నీ కలిపి ఒకటే భాష అనుకుంటూ పెరిగాను. చదువు పాడవుతోందని అమ్మ దిగులుపడి, ఆ ఏడు బడులు తెరిచే వేళకు నన్ను లింగంపేటలో అమ్మమ్మ దగ్గర వదిలింది. ఆమెను అందరిలాగే నేనూ అవ్వ అనేదాన్ని.

బడిలో మొదటిరోజే సారు నన్ను పాఠం చదవమన్నారు. నా యాసకూ, మధ్యలో దూరిన మరాఠీ మాటలకూ క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత నేను బడిలో నోరు తెరవలేదు. మెల్లగా ఇంట్లోనూ తలాడించడంతోనే సరిపెట్టుకోవడం అలవాటైంది. పుస్తకాలంటే ప్రాణం, మాటంటే భయం. సారు మంచివారు. ఎల్లారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్ బడి ఉందని, అక్కడ చేరితే ఇంట్లోవాళ్లు చెరుకు సీజనుకు పోయినా చదువు ఆగదని అవ్వకు చెప్పారు. కాకపోతే అక్కడి పెద్ద మేడమ్ ముందు గట్టిగా చదివి, అడిగినదానికి జవాబు చెప్పాలట. చూడటానికి వచ్చిన బాపు ఆ మాట విని నా వైపు జాలిగా చూశాడు.

"నోరే తెరుస్తలేదు, ఇగ గక్కడేం చదువుతది? దసరా అయినంక మాతోనే తోలుకపోత తియ్యి," అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కింటి అక్క ఊరికి వచ్చింది. హైదరాబాదులో తెలంగాణ కోసం బందుల మీద బందులు జరిగి కాలేజీలు మూతపడ్డాయి. ఆమె చదివేది స్పానిష్ అని తెలిసి ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. నేను ఆమెను చూడటం అదే మొదలు. రెండోరోజు పొద్దున్నే ఆమె వచ్చి నా పక్కన చాప మీద చతికిలబడింది.

"నేను చదివింది మర్చిపోతున్న చెల్లె. జర తోడుండు. ఈ భాషల నువ్వు తప్పు మాట్లాడినా నవ్వెటోళ్లు ఈ ఊర్ల ఒక్కలు లేరు," అంది.

బీడీల దగ్గర ఒక సంగతి ఉంది. అందరూ ఒకే పనిలో ఉంటారు కాబట్టి వస్తువుల పేర్లు ఎవరూ ఎత్తరు. దాన్ని కొయ్యి, వాటిని తడుపు, అదిటియ్యి, అంతే. అక్క ఆ మాటల్లోంచే పాఠం అల్లింది. స్పానిష్‌లోనూ అంతేనట. పేరు ఒకసారి చెప్పాక, మళ్లీమళ్లీ చెప్పకుండా దాని బదులు ఒక చిన్న మాట వేస్తారట. ఆకు ఆడది, కాబట్టి లా. దారం మగది, కాబట్టి లో. లా కోర్తో అంటే దాన్ని కోస్తాను, ఆకుని. లో కోర్తో అంటే కూడా దాన్ని కోస్తాను, కానీ దారాన్ని. ఆకులు ఎక్కువుంటే లాస్. ఇంకో విచిత్రం, మనం 'దాన్ని కోస్తా' అన్నట్టే వాళ్లూ ఆ చిన్నమాటను ముందే పెడతారు, 'నేను' అని వేరే చెప్పకపోయినా చెల్లుతుంది. ఇంగ్లీషు సారు ఎంత చెప్పినా నా బుర్రకెక్కేది కాదు, ఇది మాత్రం ఇట్టే ఎక్కింది. దారం మగదని వినగానే మూల కూర్చున్న పెద్దమ్మ అందుకుంది.

"దారం మొగోడా? గందుకే ఆకును కట్టేసి పెడ్తుండు!"

రేకులెగిరిపోయేలా నవ్వారు. నేను వింటున్నాను గానీ పలకడం లేదు. అక్క పలకమనీ అనలేదు. తనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీ చుట్టడం మొదలుపెట్టింది. ఆకులో తంబాకు పోసి లా ఎన్రోయో, అంటే దాన్ని చుడతాను అంటూ చుట్టింది. దారం కట్టకముందే బీడీ విచ్చుకుని తంబాకంతా ఒళ్లో పడింది. పట్నం చదువు చేతులకు రాలేదని ఆడవాళ్లు ఎగతాళి చేశారు. ఆ నవ్వు నా మీదే పడ్డట్టు తల దించుకున్నాను. అక్క మాత్రం వాళ్లకంటే గట్టిగా నవ్వి, ఆకు విప్పి, మళ్లీ లా ఎన్రోయో అంది. మళ్లీ ఊడింది. మళ్లీ నవ్వులు. మర్నాడూ అదే తంతు, అవ్వ చాటలోంచీ పక్కవాళ్ల చాటల్లోంచీ తీసుకున్న ఆకులు ఆమె చేతిలో చిరుగుతూనే ఉన్నాయి. ఇంత పెద్దామెను చూసి ఇంతమంది నవ్వుతుంటే ఈమెకు ఏమీ కాదేమిటి అని నేను నోరు వెళ్లబెట్టి చూసేదాన్ని.

ఒకరోజు ఆమె చిరిగిన ఆకు పక్కన పడేసి, కొత్త ఆకు నా చేతిలో పెట్టింది. "నాతోని అయితలేదు చెల్లె. నువ్వు చూపెట్టు. చెప్పుకుంట చుట్టు," అంది. అవ్వను రోజూ చూస్తున్నదాన్ని కదా, చేతులకు కొంత తెలుసు. చుడుతూ, ఎలా వచ్చిందో తెలియదు, లో ఎన్రోయో అన్నాను. ఆకును మగదాన్ని చేశాను. అక్క నవ్వింది, ఆమెను చూసి అందరూ నవ్వారు. ఆకు కింద పడేయబోయాను. కానీ అక్క చేతులు నా చేతుల ముందు గాల్లో ఆకు విప్పుతున్నట్టు కదిలాయి. నేనూ విప్పాను. లా ఎన్రోయో అన్నాను, అందరికీ వినబడేట్టు. అవ్వ చేతిలో కత్తెర ఆగింది. చాలా రోజుల తర్వాత ఆమె నా గొంతు వినడం అదే.

ఎల్లారెడ్డిలో పెద్ద మేడమ్ ముందు చదువుతుంటే సగంలో నా మరాఠీ మాట ఒకటి దూరింది. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆగాను. ఆ వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నాను. మేడమ్ ఊఁ అన్నారు. సీటు వచ్చింది. ఆ ఏడు అమ్మా బాపూ నేను లేకుండానే చెరుకుకు వెళ్లారు.

కొన్ని నెలలకు సెలవుల్లో వచ్చేసరికి అక్క కూడా ఊళ్లోనే ఉంది. రేకుల కింద కూర్చుని, ఎవరితోనో ముచ్చట పెడుతూ, చేతుల వైపు చూడనైనా చూడకుండా బీడీ తర్వాత బీడీ చుట్టి పడేస్తోంది. అన్నీ బిగువుగా, నున్నగా, ఒకేలా ఉన్నాయి. నేను గడపలోనే నిలబడిపోయాను. అవ్వ నా మొహం చూసి చిన్నగా నవ్వింది. ఆ అక్క బీడీలు చుడుతూనే చదువుకుందని, ఆ వాడలో ఆమె చేతిని మించిన చెయ్యి లేదని అప్పుడు చెప్పింది. ఆ సంగతి తెలియనిది అక్కడ నాకొక్కదానికే. ఆ ఆడవాళ్లంతా అన్ని రోజులూ తెలిసే నవ్వారు.

బీడీ కార్ఖానా వాళ్లు ఆకు తూచి ఇచ్చి, దానికి తగ్గ బీడీలు లెక్కపెట్టి తీసుకుంటారు. తక్కువ పడితే చుట్టేవాళ్లే కొనుక్కోవాలి. అది గుర్తొచ్చి, మరి నా కోసం పాడుచేసిన ఆకులన్నీ అని అవ్వను అడిగాను.

"పోతే పోయినయ్ తియ్యి బిడ్డా," అంది అవ్వ. "నీకు నోరొచ్చింది గద."

నేను అక్క పక్కన కూర్చుని కత్తెర తీసుకుని పొద్దుగూకే దాకా ఆమెకు ఆకులు కోసి పెట్టాను.

ఇప్పుడు నా ముందు ఏ పిల్లైనా మాట తడబడి తల దించుకుంటే నేను తొందరపెట్టను, మాట అందించను. మళ్లీ మొదలుపెట్టే దాకా ఎదురుచూస్తాను. పిల్లలు దాన్ని నా ఓపిక అనుకుంటారు. నాకు అంత ఓపిక ఎక్కడిది? అది ఆ ఆడవాళ్లు తమ కూలిలోంచి తీసి నాకిచ్చింది.