ఎర్రబావివారి ఆడపడుచు

ఒక్క పూట భోజనం చేసి ఒక పెళ్ళి సంబంధాన్ని చెడగొట్టబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. నిఘా పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఈ రోజుల్లో నేను పాఠాలు చెబుతున్నాను. ముందు తయారీ, జాగ్రత్తలు, ఆపద వస్తే బయటపడే దారి, అన్నీ గొంతు సవరించుకుని మరీ చెబుతాను. వాళ్ళు బుద్ధిగా రాసుకుంటారు. ఈ సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు. దయచేసి మీరూ చెప్పకండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మదురై పక్క తిరుమంగళం దగ్గర పల్లెలో పత్తి చేల మధ్య పెరిగి, కోయంబత్తూరు వచ్చి, ఒక ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసులో చేరాను. డిటెక్టివ్ అనగానే ఏవేవో ఊహించుకోకండి. మా ఆఫీసు ఒక జెరాక్సు షాపు మేడమీద ఉండేది. వచ్చేవన్నీ దాదాపు పెళ్ళి విచారణలే. మా సారు మురుగేశన్ అంతకుముందు ఇరవై ఏళ్ళు కొరియర్ పని చేసిన మనిషి. నా మొదటి ఒంటరి కేసుకు ముందు ఆయన చెప్పినన్ని జాగ్రత్తలు, నన్ను ఊరు దాటించేటప్పుడు మా అమ్మ కూడా చెప్పలేదు. సారు మాట్లాడేది తమిళమే. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"బండిలో పెట్రోలు నిండుగా ఉండాలి. ఫోనుకు పవర్ బ్యాంకు. ఎక్కడున్నావో గంటకోసారి నాకు మెసేజి పెట్టు. బాత్రూం ఎక్కడుందో ముందురోజే చూసిపెట్టుకో. ఎవరైనా అడిగితే చెప్పాల్సిన కథ, నిద్రలో లేపి అడిగినా తడబడకుండా రావాలి. అన్నింటికంటే ముఖ్యం, మనం చూడాల్సిన మనిషి గడప తొక్కొద్దు. వాళ్ళ చేతి మంచినీళ్ళు కూడా తాగొద్దు."

"సరే సార్, సరే సార్" అని తల ఊపాను. ఆ వయసులో తల ఊపడంలో ఉన్న చురుకు నాకు వినడంలో ఉండేది కాదు.

కేసు ఇదీ. వరదరాజులుగారని కోయంబత్తూరులో మోటారు పంపుల వ్యాపారి. మనవాళ్ళే, అంటే షాపులో తమిళం, ఇంట్లో తెలుగు. ఆయన కూతురు యమునకు, పొల్లాచ్చి దగ్గర కొబ్బరి వ్యాపారం చేసే ప్రసన్న అనే అబ్బాయితో సంబంధం కుదిరింది. ఆదివారం నిశ్చితార్థం. అంతలో ఎవరో చెవిలో ఊదారు, అబ్బాయికి ఇంతకుముందు ఒక సంబంధం తప్పిపోయిందనీ, తాగుడే కారణమేమోననీ.

"విచారించండి. కానీ మేము విచారిస్తా ఉండామని వాళ్ళకు తెలిసిందా, సంబంధం తెగినట్లే. ఆ ఇంట్లో అవ్వకు రోషం ఎక్కువ" అన్నాడాయన.

యమున తండ్రి వెనకాలే మెట్లు దిగి, మళ్ళీ పైకొచ్చి నా చేయి పట్టుకుంది. "అక్కా, ఆయన మంచోడైతే మంచోడనే రాయండి. నాకు శానా పిడిచ్చినాడు." నచ్చాడని మా వాళ్ళు అనే మాట అది. ఆ అమ్మాయి కళ్ళలో బెదురు చూసి, నా ప్రాణం అడ్డు వేసైనా నిజం కనుక్కొస్తానని ధీమాగా అన్నాను. అడ్డు వేసింది ప్రాణం కాదు, నా నోరు.

గురువారం పొద్దున పొల్లాచ్చి బయలుదేరాను. కథ సిద్ధం. పేరు కవిత, ఊరు ఈరోడ్, పని కొబ్బరి చెట్లకు పట్టిన తెల్లదోమ మీద సర్వే. చేతిలో అట్ట, అట్టకు కాగితాలు, చెవిలో పెన్ను. ప్రసన్న కొబ్బరి కళ్ళం ఎదురుగా నీడ చూసుకుని స్కూటరు ఆపాను. అతను ఆ చివర మనుషుల చేత కాయలు ఒలిపిస్తున్నాడు. నేను చూస్తున్నాను. అతను ఒలిపిస్తూనే ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. నిఘా అంటే ఇంతే. దీనికంటే బియ్యంలో రాళ్ళు ఏరడం సరదాగా ఉంటుంది.

కుదురుగా ఉండడం నా ఒంట్లో లేదు. స్కూటరు స్టాండు వేశాను, తీశాను. అద్దం ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఫోను తీశాను, పెట్టాను. ఏమీ తోచక పక్కనున్న బండిమీద కొబ్బరి బోండాం తాగాను. గంటకు ఇంకొకటి. "ఎండకు మంచిది అమ్మిణీ, ఇంకోటి కొట్టమంటావా?" అని బండివాడు అడిగితే మొహమాటానికి మూడోది కూడా తాగాను.

మూడో బోండాం తర్వాత పావుగంటకు సారు చెప్పిన బాత్రూం పాఠం నాకు గుర్తొచ్చింది. పాఠం గుర్తొచ్చింది గానీ బాత్రూం ఎక్కడుందో తెలియదు. ముందురోజు వచ్చి చూసుకోమంటే, "దానికోసం అంత దూరమా" అని ఇంట్లో కూర్చున్న ఘనురాలిని. బస్టాండు చాలా దూరం. చుట్టూ కొబ్బరి తోటలు, ప్రతి తోటలోనూ మనుషులు. ఒంటికాలిమీద నిలబడ్డాను. కాళ్ళు మార్చాను. నిలబడలేక ఆ రోడ్డు మీద నేను వేసిన అడుగులు చూసి బండివాడు ఏ అమ్మవారో పూనిందనుకుని ఉంటాడు. చుట్టుపక్కల ఉన్నది ఒకటే ఇల్లు, కళ్ళం వెనకాల. అది ఎవరి ఇల్లో మీకు తెలుసు, నాకూ తెలుసు. కాళ్ళకు మాత్రం తెలియలేదు.

తలుపు తట్టాను. డెబ్బై దాటిన అవ్వ తీసింది. తమిళంలోనే అడిగాను, "పాట్టీ, కొంచెం బాత్రూం..." ఆమె లోపలికి తిరిగి కోడలికి తెలుగులో కేకేసింది.

"సరోజా, ఎవురో బిడ్డ అల్లాడతా ఉండాది, దొడ్డి దావ చూపించు!"

"నేనే చూసుకుంటా అవ్వా!" అని తెలుగులో అరిచి, పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి నా ప్రాణం కుదుటపడింది, బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది, నేను ఏ భాషలో అరిచానో అప్పుడు తెలిసింది. అవ్వ మజ్జిగ చెంబు పట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

"మన మాటే మాట్లాడతా ఉండావే! ఏ ఊరు కన్నూ?" అంది. కన్నూ అంటే ఆ తట్టు ముద్దు పిలుపు.

"ఈరోడ్ అవ్వా."

"ఈరోడా? నీ మాట మదురై తట్టు మాటగా ఉండాదే."

"మా అమ్మమ్మది ఆ తట్టే అవ్వా. నేను తెల్లదోమ సర్వేకు వచ్చినాను."

"ఓహో. ఇంటిపేరేమి?"

చూశారా? సారు నాతో కథంతా వల్లె వేయించాడు, ఈ ఒక్కటి తప్ప. ఆయన తమిళుడు, ఆయనకేం తెలుసు? తెలియాల్సింది నాకు. మనవాళ్ళు ఈ తమిళదేశం వచ్చి ఎన్ని వందల ఏళ్ళయినా, తెలుగు అక్షరం ఒక్కటి రాయలేకపోయినా, ఎదుటివాడు తెలుగు మాట్లాడితే మాత్రం ముందు అడిగేది ఇంటిపేరే. దాన్ని బట్టే ఎవరు అన్న, ఎవరు బావ అన్నది తేలుతుంది. నా సొంత ఇంటిపేరు చెబితే రెండు ఫోన్లలో మా నాన్న దొరికిపోతాడు. ఏదో ఒకటి చెప్పాలి. రెండు రోజులుగా పెళ్ళికొడుకు వివరాలు బట్టీపట్టిన నా బుర్రలో ఆ క్షణాన ఒకే ఒక్క ఇంటిపేరు తిరుగుతోంది.

"ఎర్రబావివాళ్ళం అవ్వా."

అది ప్రసన్న ఇంటిపేరని, నోరు దాటిన తర్వాత నాకు తట్టింది.

అవ్వ నన్ను తలనుంచి కాళ్ళవరకు ఒకసారి చూసింది. తర్వాత ఇల్లు దద్దరిల్లేట్టు పిలిచింది. "సరోజా! మనింటి ఆడబిడ్డే వచ్చింది! ఆకు వెయ్యి! ఒరే ప్రసన్నా, ఇట్ల రా, నీకు చెల్లెలు!"

ప్రసన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నాకా? ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏమి, వచ్చింది కదా. ఇంటిపేరు ఒకటైతే చెల్లెలు కాక ఇంకేమి? వడ్డించు."

అలా నేను నిఘా పెట్టవలసిన మనిషి నాకు ఉలవచారు వడ్డించాడు. గడప తొక్కాను, మజ్జిగ తాగాను, ఇప్పుడు ఆకు ముందు కూర్చున్నాను. సారు చెప్పినవాటిలో నేను తప్పనిది పెట్రోలు ఒక్కటే. అవ్వ పక్కన కూర్చుని, నేనేమీ అడగకుండానే మాట్లాడుతోంది.

"వీనికి ముందొక సంబంధం వచ్చింది కన్నూ. ఈ ముసలిదాన్ని మేట్టుపాళయంలో మా తమ్ముడింటికి పంపించేస్తే పిల్లనిస్తామన్నారు. అట్లయితే మాకు పిల్లే వద్దని వచ్చేసినాడు. పిచ్చోడు. తాగేదా, పొగ పీల్చేదా, ఏమీ లేదు. రెండు కాపీలు తాగితే తలనొప్పి అంటాడు."

ఆమె నా అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది. నాకు సిగ్గేసింది. ఇంత మంచి మనుషుల ఇంట్లో అబద్ధం చెప్పి తింటున్నాను. అప్పుడే ఫోను మోగింది. చేయి కడుక్కునే నెపంతో దొడ్లోకి వెళ్ళాను.

"మెసేజి లేదేం? ప్రసన్న కనిపిస్తున్నాడా?" అన్నాడు సారు.

"బాగా కనిపిస్తున్నాడు సార్."

"ఏం చేస్తున్నాడు?"

"వడ్డిస్తున్నాడు సార్."

"ఎవరికి?"

గడప దాటానని చెప్పే ధైర్యం నాకు లేదు. "ఒక... అమ్మాయికి సార్."

"అమ్మాయా! వయసు?"

"ఇరవై నాలుగు."

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"చూస్తే తెలుస్తోంది సార్."

"భలే! వదలొద్దు. ఫోటో తియ్యి!" ఫోను పెట్టేశాడు. సాయంత్రం నెమ్మదిగా విడమరిచి చెబుదామనుకున్నాను. సాయంత్రం ధైర్యం రాలేదు. శుక్రవారం జ్వరమని ఆఫీసుకే పోలేదు.

అన్నట్టు, చెప్పడం మరిచాను. నేను బయలుదేరేముందు అవ్వ నా ఫోను నంబరు తీసుకుంది. "ఆదివారం వీని నిచ్చయం. మాకు ఆడబిడ్డ లేదు. పెండ్లికూతురి చీర పళ్ళెం నువ్వే పట్టుకోవాల."

"అవ్వా, నాకు సర్వే..."

"ఆదివారం దోమలు యాడికీ పోవు. వచ్చేయి."

శనివారం పొద్దున భయపడుతూనే ఆఫీసు మెట్లెక్కాను. వరదరాజులుగారు అప్పటికే వచ్చి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. మా సారు ఆయనకు ముందురోజే ఫోను చేసి ఆ "అమ్మాయి" సంగతి చెప్పేశాడు.

"నిచ్చయం ఆపేస్తాను! ఇంట్లో ఎవురో ఆడపిల్లను కూర్చోబెట్టుకుని వడ్డిస్తా ఉండాడంట! నా బిడ్డ నిన్నటినుంచి అన్నం ముట్టలేదు."

యమున నా చేయి పట్టుకున్నది గుర్తొచ్చింది.

"ఫోటో ఏది?" అని సారు చేయి చాచాడు.

"సెల్ఫీ తీసుకోవడం కుదరలేదు సార్."

"సెల్ఫీ ఎవరడిగారు? ఆ అమ్మాయి ఫోటో!"

"ఆ అమ్మాయి నేనే సార్."

సారు చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అంతా చెప్పాను, మూడు బోండాలతో సహా. "గడప తొక్కొద్దన్నానా లేదా?" అని సారు బల్ల గుద్దాడు. "తొక్కలేదు సార్, దూకాను" అన్నాను, ఏడుపు గొంతుతో. వరదరాజులుగారు మాత్రం వేరే మాట దగ్గర ఆగిపోయాడు.

"అవ్వను పంపించమన్నందుకా ఆ సంబంధం వద్దన్నాడు?" కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అట్లాంటోడికి కాక ఎవురికి ఇస్తాను నా బిడ్డను? కానీ ఈ పాప రేపు వచ్చి పళ్ళెం పట్టుకుంటే నా గతి?"

"రాకపోతే అవ్వ వెతుకుతుంది. వెతికితే బయటపడుతుంది," అన్నాడు సారు. "ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడనట్టు ఉండండి. అంతే."

ఆదివారం కల్యాణ మండపంలో చీర పళ్ళెం పట్టుకుని మగపెళ్ళివారితో దిగాను. అడుగు వేసినప్పుడల్లా పళ్ళెంలో గాజులు గలగలమంటున్నాయి. ఎదురుగా వరదరాజులుగారు. నటన రాని మనిషికి నటించే పని పెట్టకూడదు. నన్ను చూడగానే, ఎవరూ అడగకుండానే, "ఈ పాప ఎవురో నాకు తెలీదే!" అన్నాడు. కుంకుమ ఇస్తుంటే, "కొత్త ముఖంగా ఉండాదే!" అన్నాడు. మూడోసారి మండపమంతా వినబడేట్టు, "నేను ఈ పాపను జన్మలో చూసిందే లేదు!" అన్నాడు.

అవ్వ ఆయన దగ్గరికి నడిచింది. యమున పెళ్ళి నా చేతులమీదుగా తెగిపోతోందని కళ్ళు మూసుకున్నాను.

"ఏమి సంబందీ," అంది అవ్వ మెల్లగా, వియ్యంకుడిని పిలిచే వరసలో, "మీరే పంపించి, మీరే చూడలేదంటే ఎట్ల?"

నేను చటుక్కున కళ్ళు తెరిచాను.

"ఎర్రబావివాళ్ళం మూడే ఇండ్లు. మూడిండ్లలోనూ అందరూ మగబిడ్డలే. నాకు తెలీకుండా ఇది యాడ పుట్టింది? కొబ్బరి సర్వే అంట, ఒక్క చెట్టునన్నా తలెత్తి చూడలేదు."

"కోపం లేదా మీకు?" అని గొణిగాడాయన.

"కోపమేంటికి? బిడ్డను ఇచ్చేవాళ్ళు విచారించరా? నా చెల్లెలికి సంబంధం చూసినప్పుడు, గాజులమ్మేదాని మాదిరి నేనే వాళ్ళింటికి పోయి చూసొచ్చినాను. దూరంనుంచి చూస్తే ఈ బిడ్డకు ఏమి తెలుస్తుంది? అందుకే లోపలికి పిలిచి, ఆకు వేసి, అంతా చూపించినాను. బాగా రాసినావా కన్నూ?"

పక్కనే నిలబడ్డ యమున పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. "అయితే అవ్వా, ఇంక ఈ పళ్ళెం..." అని కింద పెట్టబోయాను.

"పట్టుకో! ఇంటిపేరు నేను పెట్టలేదు, నువ్వే చెప్పుకున్నావు."

అందుకే ఆ నిండు సభలో, చీర పళ్ళెం నెత్తికి ఆనించుకుని, సకల దేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎంతటి ఆపద ముంచుకొచ్చినా, ఎన్ని బోండాలు తాగినా, నిఘా పెట్టిన ఇంటివారి ఇంటిపేరు ఈ జన్మలో మళ్ళీ చెప్పను. ప్రసన్నన్నకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ మేనత్తగా నేనే ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవిలో పేరు చెప్పాను, ఇద్దరూ నా పట్టుచీర తడిపారు. ఇంకో ఇంటికి ఆడపడుచునయ్యే ఓపిక నాకు లేదు.