తాతారావు మాస్టారి ఆఖరి వంద మీటర్లు

మా తాతారావు మాస్టారు ఇక లేరు. పోయిన మంగళవారం ఉదయం జాలారిపేటలోని స్వగృహంలో, టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి కన్నుమూశారు. ఫోను వచ్చినప్పుడు నేను మధురవాడలో మా స్కూలు గ్రౌండులో పిల్లల చేత రౌండ్లు కొట్టిస్తున్నాను. విన్న మాట నమ్మబుద్ధి కాలేదు. నెల క్రితం అదే గ్రౌండుకు వచ్చి, "ఈల్లకి మోకాలు పైకి లేవట్లేదురా, నువ్వేటి సేత్తన్నావ్?" అని నన్ను పిల్లల ముందే తిట్టి వెళ్ళిన మనిషి. ఫోను పెట్టేశాక పిల్లలు ఎన్ని రౌండ్లు తిరిగారో నేను లెక్కపెట్టలేకపోయాను.

పేపర్లో ఆయన గురించి రెండు వాక్యాలు వచ్చాయి. పోర్టులో క్రేన్ ఆపరేటర్, పూర్వపు పదివేల మీటర్ల పరుగు క్రీడాకారుడు అని రాశారు. తొంభైలలో ఈ నగరంలో దూరం పరిగెత్తిన ప్రతివాడూ ఆయన చేతి కింద తయారైనవాడే. ఆ సంగతి రాయడానికి వాళ్ళకు చోటు దొరకలేదు కాబోలు.

మాస్టారిది చేపల వేట కుటుంబం. పొట్టి మనిషి, నల్లని ఛాయ, మెడలో తువ్వాలు, జేబులో స్టాప్‌వాచ్. దూరం పరిగెత్తేవాడికి వేగం ఉండదన్న లోకాభిప్రాయం మీద ఆయనకు తీరని కోపం. ప్రపంచ స్థాయి పదివేల మీటర్ల పోటీ టీవీలో వస్తుందంటే మమ్మల్నందరినీ తన ఇంట్లో చాప మీద కూర్చోబెట్టేవారు. ఇరవైనాలుగు రౌండ్లు అయ్యేదాకా కబుర్లు చెప్పి, ఆఖరి రౌండు గంట మోగగానే "నోరు ముయ్యండెహె!" అని అరిచేవారు. ఆ నాలుగొందల మీటర్లను ఆ మహానుభావులు నిమిషం కన్నా ఎంతో తక్కువలో ముగించేవారు. మాస్టారు వాచీ మాకు చూపించి, "మన కాలేజీ స్ప్రింటర్లు ఇంట్లోంచి తాజాగా వొచ్చి పరిగెట్టినా, సానామంది ఈడి ఈపే సూత్తారు" అనేవారు. అప్పుడాయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఒకసారి పోర్టు క్యాంటీనులో ఓ స్ప్రింటర్ ఆయన్ని ఆటపట్టించాడు. "ఏటి బావా, మీ ఎడ్లబండికి టాప్ గేరు కూడా ఉంటాదా?" అన్నాడు. అందరూ నవ్వారు, మాస్టారు కూడా నవ్వారు. "సాయంత్రం గ్రౌండుకి రా బావా. ముందుగాల ఒక వంద మీటర్లు పరిగెడదాం. తరవాత ఐదు రౌండ్లు కొట్టి మళ్ళీ ఒక వంద. రెండోదే లెక్క" అన్నారు. మొదటి వందలో నలభయ్యో పడిలో ఉన్న మాస్టారు పది మీటర్లు మాత్రమే వెనకబడ్డారు. అదే చాలామందిని నోరు వెళ్ళబెట్టేలా చేసింది. తర్వాత రౌండ్లు మొదలయ్యాయి. మూడో రౌండులో ఆ కుర్రాడు గడ్డి మీద కూర్చుండిపోయాడు. మాస్టారు ఐదూ పూర్తిచేసి, చెప్పినట్టే రెండో వందను ఒంటరిగా, ఇంచుమించు మొదటిదానంత జోరుగా పరిగెత్తారు. ఆ తర్వాత వెళ్ళి అతనికి మంచినీళ్ళు పట్టారు.

మాకు ఆయన పెట్టిన శిక్షణా అదే. బీచ్ రోడ్డు మీద పది కిలోమీటర్లు అయ్యాక, రెండు లైటు స్తంభాల మధ్య వంద మీటర్లు ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తాలి. తాజా కాళ్ళతో ఎంత వేగం చూపించినా ఆయన కంటికి ఆనేది కాదు. "జోరు అందరికీ ఉంటాదిరా. అలిసిపోయినాక ఎంత మిగిలిందో అదే నీది" అనేవారు. ఈ మాట నేను పరుగు మానేశాక కూడా నాకు చాలాసార్లు పనికొచ్చింది.

రౌండ్లు లెక్కపెట్టడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. వల అల్లే దారానికి ఇరవైఐదు ముడులు వేసి, మేము ఒక్కో రౌండు పూర్తిచేయగానే ఒక్కో ముడి విప్పేవారు. పరిగెత్తేవాడు కూడా సొంతంగా లెక్క పెట్టుకుని తీరాలనేవారు. మాది కంచరపాలెంలో పట్టాల పక్క ఇల్లు. పలాస వెళ్ళే పాసింజరు ఆగే స్టేషన్లన్నీ నాకు కంఠోపాఠం. అందుకని నాకు రౌండుకొక స్టేషను పేరు పెట్టించారు. మర్రిపాలెంతో మొదలు, ఇరవైనాలుగోది పూండి, ఆఖరిది పలాస. ఏ శిక్షణలోనూ నేను ఒక్క స్టేషను కూడా తప్పలేదు.

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి చెబుతాను. తొంభైల చివర్లో ఒక సంస్థ క్రీడా కోటాలో ఒకే ఒక ఉద్యోగానికి పదివేల మీటర్ల పోటీ పెట్టింది. రౌండ్లు లెక్కపెట్టి గంట కొట్టే బాధ్యత మాస్టారిది. నాకు ప్రత్యర్థి పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చిన సన్యాసిరావు. దూరంలో అతను నాకన్నా గట్టివాడు, ఆఖరి జోరులో నేను మెరుగు. ఇరవైమూడో రౌండు అయ్యేసరికి అతను నాకు ఇరవై మీటర్లు ముందున్నాడు. అప్పుడు గంట మోగింది. నేను ప్రాణం పెట్టి పరిగెత్తాను. ఆఖరి వందలో అతన్ని దాటేసి గీత దగ్గర చేతులెత్తాను. సన్యాసిరావు నా వెనకే వచ్చి ఆగిపోయాడు. రిఫరీ నా పేరు రాసుకుంటున్నాడు.

అంతలో మాస్టారు దారం చేతిలో పట్టుకుని ట్రాకు మీదికి దూకారు. "ఆగకండి! ఇంకో రౌండుంది! తప్పు నాదే, బేగి పరిగెట్టండి!" అని అరిచారు. సన్యాసిరావు వెంటనే కదిలాడు. నేను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయన్ని నమ్మలేనట్టు చూస్తూ నిలబడి, ఆ తర్వాత పరిగెత్తాను. ఆ రౌండులో ఆఖరి వంద మీటర్లు నా జీవితంలోకెల్లా గొప్పగా పరిగెత్తానేమో. రెండడుగుల తేడాతో ఓడిపోయాను. ఉద్యోగం అతనికి వెళ్ళింది.

మర్నాడే, శిష్యుడి కోసం కావాలని ముందు గంట కొట్టి, భయపడి బయటపెట్టాడని ఆయన గురించి కొందరన్నారు. ఆయన ఒక్కరికీ జవాబు చెప్పలేదు. మళ్ళీ ఏ పోటీలోనూ గంట ముట్టుకోలేదు. నేనేమో ఊరంతా తిరిగి, నా నోటికాడ కూడు మాస్టారే తీసేశారని చెప్పుకున్నాను. ఏడాది పాటు ఆయన గడప తొక్కలేదు.

చివరికి ఆయనే మా ఇంటికొచ్చారు. మా అమ్మ ఇచ్చిన టీ తాగి, "నీ పరుగు సూత్తూ ఒళ్ళు మరిసిపోయి ముడి ఒకటి ఎక్కువ విప్పీసినాన్రా. నాను సేసింది ఎదవ పని" అన్నారు. గ్లాసు కింద పెట్టి అడిగారు: "గంట కొట్టేసరికి నువ్వే స్టేషన్లో ఉన్నావు?"

"గుర్తులేదండి మాస్టారూ. లెక్క తప్పిపోయాను."

ఆయన నా మొహంలోకి చూశారు. "సర్లే. ఆ ఆకరి వంద మాత్రం బాగా పరిగెట్టినావు. నాను వాచీ నొక్కినాను" అన్నారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని తిరిగి పీఈటీ కోర్సులో చేర్పించారు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే. ఆ ప్రశ్న మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మొన్న పాడె మోసినప్పుడు ఓ కొమ్ము నాది, నా పక్క కొమ్ము సన్యాసిరావుది. తిరిగి వచ్చాక మాస్టారి భార్య నూకాలమ్మగారు నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "నీ మీద ఆయనకి సానా నమ్మకం, బావూ. ఎవలైనా వొచ్చి రౌండ్లు మరిసిపోతన్నామంటే నీ పేరే సెప్పీవోరు. 'ఆడు ఏ రోజూ లెక్క తప్పలేదు. ఒక్క రోజు కూడా తప్పలేదు' అనీవోరు" అన్నారు. నేను తల ఎత్తలేకపోయాను.

అంటే ఆయనకు తెలుసు. నిందంతా తన నెత్తిన వేసుకుని, నా అబద్ధాన్ని నా దగ్గరే వదిలేసి ఇన్నేళ్ళు బతికారు. వేగానికి ఓర్పు అడ్డు కాదని మాకు నేర్పిన ఆ మనిషి ఓర్పుకు హద్దే లేదని నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది. అటువంటి గురువు ఈ ఊరికి మళ్ళీ దొరకడు. నా వంటి వాడికి అసలే దొరకడు.

మాస్టారూ, మీరడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను. గంట మోగేసరికి నేను పూండిలో ఉన్నాను. పలాస ఇంకా రాలేదని నాకు తెలుసు. తెలిసే పరిగెత్తాను.