మూత తీయని ఫ్రిజ్‌లో పడిన ముడి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్లను చూసి నవ్వేదాన్ని కూడా. "క్వాంటం అంటే దయ్యాల సైన్సే గదనే?" అని కోరుట్లలో మా మేనత్త ఆటపట్టిస్తే, కొలతకు అందనిది నా దృష్టిలో లేనట్టేనని గొప్పలు పోయేదాన్ని.

పీహెచ్‌డీ అయ్యాక బెంగళూరులో ఒక క్వాంటం కంప్యూటింగ్ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే తాత్కాలిక పరిశోధకురాలిగా, చేరాను. ఏడాదికోసారి పొడిగిస్తే ఉండాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. నాతోపాటే చేరినవాడు సిరిసిల్ల రాజేశం అన్న. మేం పరీక్షించే క్వాంటం చిప్ నిలువెత్తు ఫ్రిజ్‌లో, గాలి తీసేసిన డబ్బాలో, మనం ఊహించలేనంత చలిలో ఉంటుంది.

మొదట్లో మా కొలతలు ఒక్కరోజూ నిలకడగా ఉండేవి కావు. పంపు చప్పుడుకు లోపలి వైర్లు అదురుతున్నాయని కనిపెట్టింది అన్నే. మరమగ్గాల మధ్య పెరిగినవాడు, చప్పుడు విని చెప్పేశాడు. పళ్ల సందులు శుభ్రం చేసుకునే తెల్లదారం తెచ్చి వైర్లను కదలకుండా కట్టాడు. వేసింది మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. కొలతలు నిలబడ్డాయి.

అప్పుడే భార్య కాన్పుకని ఆయన సిరిసిల్ల వెళ్లాడు. ఆ వారమే ప్రొఫెసర్ ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. ఇద్దరిలో ఒకరికే పొడిగింపు ఉందని నాకు తెలుసు. నాదేనన్నాను.

తిరిగొచ్చాక అన్న ఒక్క మాటే అన్నాడు. "నీది కంటిన్యూ అయిందట గద చెల్లె. మంచిగైంది." తర్వాత ఊరికి పోయి ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ ఉండిపోయాడు. ఆ పనిమీద అచ్చయిన పరిశోధన పేపర్లో నా పేరు మొదట, ఆయన పేరు చివరి కృతజ్ఞతల్లో. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ ముడులు కంటబడేవి. చూడటానికి బాగా లేవని సాకు చెప్పి, అన్నీ కోసేసి ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టాను.

ఏడాది తర్వాత, ఫ్రిజ్ చల్లబడ్డాక, చిప్‌కు సిగ్నల్ తీసుకెళ్లే వైర్లలో మూడోది, మూడో లైను, పనిచేయడం మానేసింది. తెరిచి మళ్లీ చల్లబరచాలంటే వారం పైనే. సిగ్గు విడిచి అన్నకు మెసేజ్ పెట్టాను. ఏడాదిలో అదే మొదటి పలకరింపు, అదీ పని పడితే. జవాబు రాలేదు. మర్నాడు పొద్దున పదకొండుంబావుకు లైను దానంతటదే వచ్చింది. వేళ లాగ్‌బుక్‌లో రాశాను.

మధ్యాహ్నం అన్న ఫోన్ నుంచి ఆయన భార్య, లావణ్య వదిన, మాట్లాడింది. కరీంనగర్ ఆస్పత్రిలో జ్వరంతో అన్న పోయాడు. సరిగ్గా అదే నిమిషమని చెప్పను. ఆమె చెప్పిన వేళకూ నేను రాసిన వేళకూ నలభై నిమిషాల తేడా ఉంది. నేను వెళ్లలేదు. లైను బాగా నడుస్తోంది, కొలతలు ఆపలేనన్నాను. ఇది రాస్తుంటే కూడా నా మీద నాకే అసహ్యంగా ఉంది.

పది రోజులకు ఫ్రిజ్ తెరిచాం. మూడో లైను దగ్గర నా క్లిప్పు విరిగి అడుగున పడి ఉంది. దాని చోట తెల్లదారం, అదే ముడి, కొసలు పొట్టిగా తెంపి. మూసేముందు నేనే తీసిన ఫోటోలో అక్కడ క్లిప్పే ఉంది. మధ్యలో ఎవరైనా మూత తీస్తే గాలి చొరబడి చలి పోయేది. రికార్డులో అలాంటిదేమీ లేదు.

సెలవు పెట్టి సిరిసిల్ల వెళ్లాను. వదిన ముందు కూర్చుని, ముడి సంగతి కన్నా ముందు నా అబద్ధం సంగతి చెప్పాను. ఆమె బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

"ఎరుకే" అంది. "నాకైతే నీ మీద కోపమే ఉన్నది. ఆయనకే లేకుండె."

ఫోటో చూపించాను. చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "నీ మెసేజ్ నేనే చదివి ఇనిపిచ్చిన. కండ్లు తెరువలే. 'పోయి కట్టొస్త' అన్నడు. జ్వరంల ఏదో అంటున్నడనుకున్న."

పేపర్లో ఆయన పేరు ముందు పెట్టమని జర్నల్‌కు రాశాను. ప్రొఫెసర్ నాతో మాట్లాడటం మానేశారు. నా కొలువు ఈ నెలాఖరుతో సరి.

మూసిన డబ్బాలోకి ఆ చెయ్యి ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాకోసం ఎందుకు వెళ్లిందో అసలే తెలియదు.