అప్పాజీ అన్న రెండు ‘ఆయ్’లు

అప్పాజీ స్టేజీ మీద కావాలనే షావుకారుని వెక్కిరించాడని పేపరుమిల్లు దాకా పాకిన మాట శుద్ధ అబద్ధం. నాటకం చూడనివాళ్ళే దాన్ని ఎక్కువ మోస్తున్నారు. అసలు సంగతి అతని భార్య రత్నమాణిక్యానికి తెలుసు. ఆ సాయంత్రం ఆవిడ ఆడవాళ్ళ వరసలోనే కూర్చుని ఉంది.

రాజమండ్రిలో నాగేశ్వరప్రసాద్ గారి బట్టల కొట్టులో అప్పాజీ ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. షావుకారుగారు ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. గొంతు సవరిస్తారు, అంతే. నిచ్చెన చివర ఉన్నా సరే, అప్పాజీ “ఆయ్!” అంటూ దిగొచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఆ ఏడు, అంటే తొంభై నాలుగులో, కాలేజీ మాస్టారు శివరామకృష్ణ గారు నాలుగొందలేళ్ళనాటి ఇంగ్లీషు హాస్యనాటకం ఒకదాన్ని తెలుగులోకి దించారు. పిల్లల్లేని డబ్బున్నవాడొకడు చావబోతున్నట్టు మంచమెక్కి, ఆస్తికి ఆశపడి వచ్చేవాళ్ళ చేత కానుకలు తెప్పించుకుంటాడు. ఆ వేషం అప్పాజీది. షావుకారుగారు కూడా పిల్లల్లేని పెదనాన్నకి రోజూ యాపిల్ పళ్ళు మోస్తున్నారని ఊరు చెవులు కొరుక్కుంటోంది.

“ఎందుకండీ మనకీ గొడవ?” అంది రత్నమాణిక్యం.

“ఇంగ్లీషువాళ్ళ కథే కదే!” అన్నాడు అప్పాజీ.

ఆదివారం సాయంత్రం నాటకం. స్టేజీ మీద డాక్టరు నాడి చూసి “ఇక గంటే” అన్నాడు. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. అప్పుడే ముందు వరసలో షావుకారుగారు గొంతు సవరించుకున్నారు.

చావబోతున్న అప్పాజీ దుప్పటి విసిరేసి లేచి, ఆయనకేసి తిరిగి చేతులు కట్టుకుని “ఆయ్!” అన్నాడు.

హాలు గొల్లుమంది. “యాపిల్ పళ్ళు తెచ్చారాండీ?” అని వెనక నుంచి ఎవరో కేకేశారు. షావుకారుగారు లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కొట్టు తాళాల కోసం అప్పాజీ షావుకారుగారింటికి వెళ్తుంటే రత్నమాణిక్యం కూడా కదిలింది. యాభయ్యికి దగ్గరపడ్డ మనిషిని ఇంకో కొట్టువాళ్ళు పెట్టుకుంటారా అన్నదే ఆవిడ భయం. షావుకారుగారు పేపరు దించలేదు. తాళాల గుత్తి బల్ల మీదే ఉంది.

“అలవాటులో అనేశారండీ, మనసులో ఏం పెట్టుకోలేదండీ” అంది ఆవిడ.

“అలవాటా? ఇక పళ్ళు తేవద్దని మా పెదనాన్న పొద్దున్నే కబురెట్టాడమ్మా! వెళ్ళండి. తాళాలు మా బావమరిది తీసుకెళ్తాడు.”

అప్పాజీ మెట్లు దిగి ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు. రత్నమాణిక్యం ఇంకా గుమ్మంలోనే ఉంది. వెనక షావుకారుగారి గొంతులో గరగర.

“ఆయ్!”

ఒంటి చెప్పుతో గిరుక్కున తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు అప్పాజీ. షావుకారుగారు పేపరు దించి అతన్ని చూశారు.

“కళ్ళె అడ్డుపడిందయ్యా, నిన్ను పిలవలేదు” అని, తాళాలు ముందుకు తోశారు. “తీసుకో. ఈసారి నాటకానికొస్తే వెనకెక్కడో కూర్చుంటాన్లే.”

వీధి మలుపు తిరిగాక రత్నమాణిక్యం ఆగిపోయింది. “ఏవండీ, నా మీద ఒట్టు, నిజం చెప్పండి. నిన్న అన్నది అలవాటేనా?”

అప్పాజీ తాళాలు జేబులో వేసుకున్నాడు.

“నిన్నటిది అలవాటే మాణిక్యం. ఇందాకటిదే నటన.”