నాన్న గిటారు డిస్కు విన్నవాళ్ళు

మా నాన్న వాయించేది భుజాన తగిలించుకునే గిటారు కాదు. ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జారుస్తూ కుడిచేత్తో మీటే హవాయి గిటారు. వయసులో ఉండగా రేడియోలో వాయించారు, పెళ్ళి రిసెప్షన్లలో వాయించారు. రిటైరై, అమ్మ పోయాక, కాకినాడ వదిలేసి కొంపల్లిలో నా దగ్గరికి వచ్చేశారు. నేను మేడ్చల్‌లో ఒక స్కూల్లో టీచర్ని.

వచ్చిన రెండేళ్ళకి ఆయన ఎడమచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో ఆ వణుకు కడ్డీలో కలిసిపోయి స్వరం ఇంకా తియ్యగానే ఉండేది. డాక్టరు మాత్రం, ఇది పెరిగేదే గాని తగ్గేది కాదన్నాడు. చెయ్యి ఇంకా మాట వింటుండగానే తన సొంత బాణీలు ఎనిమిది రికార్డు చేసి నలుగురికీ వినిపించాలని నాన్న పట్టుబట్టారు. నా కంప్యూటరుకు మైకు తగిలించి, చెయ్యి నిలకడగా ఉన్న పొద్దుటిపూటలు ఏరుకుని, నాలుగు నెలలు వాయించారు. కుక్కరు కూసిందని ఒకసారి, పాలాయన బెల్లు కొట్టాడని ఒకసారి మళ్ళీ మొదటినుంచి. నాకు విసుగొచ్చేది, దాచుకోవడం దేనికి.

డిస్కులకు ఎక్కించింది నేనే. రెండువేల మూడో నాలుగో సంవత్సరం అది. కంప్యూటర్లో సీడీలు చేసుకోగల ఇల్లంటే అప్పట్లో కాలనీలో కాస్త గొప్ప, ఆ గొప్ప నాకు కొంచెం ఎక్కువే ఉండేది. నలభై చేశాను. మొదటిది మా కంప్యూటర్లోనే పెట్టి చూశాం, శుభ్రంగా మోగింది. నాన్న ప్రతి కవరు మీదా వంకర అక్షరాలతో ఇచ్చేవాళ్ళ పేరు రాసి, ఇల్లిల్లూ తిరిగి స్వయంగా ఇచ్చి వచ్చారు.

వారం తిరక్కుండా అభిప్రాయాలు మొదలయ్యాయి. పక్కింటాయన, "మొన్న ఆదివారం శామీర్‌పేట జింకల పార్కుకు వెళ్ళామండీ, కార్లో దారంతా మీ గిటారే," అన్నారు. ఎదురింటావిడకు మూడోది మరీ నచ్చిందిట. కాలనీ సెక్రటరీ గారయితే, "వింటుంటే మనసు ఎంత ప్రశాంతంగా ఉందోనండీ," అన్నారు. నాన్న రోజూ భోజనాల దగ్గర ఇవన్నీ పూస గుచ్చినట్టు చెప్పేవారు. "నీకేది నచ్చిందమ్మా?" అని నన్నూ అడిగారు. నేను డిస్కు పెట్టుకుని కూర్చున్నది లేదు. "అన్నీ బాగున్నాయి నాన్నా," అన్నాను, పప్పు వడ్డిస్తూ.

పాలాయన ఒక్కడే వేరేగా చెప్పాడు. మేడ్చల్ దగ్గర రావల్కోల్ ఊరాయన. సగం భూమి అమ్మి ఇల్లు కట్టుకున్నా బర్రెల్ని మాత్రం అమ్మలేదు, బండి మీద పాలు తనే తెచ్చేవాడు.

"సారూ, మీరిచ్చిన సీడీ నడుస్తలేదు. రెండుసార్లు పెట్టి సూసిన, ఏం రాలే."

నాన్న ముఖం మాడిపోయింది. "మీ ప్లేయరు పాతదై ఉంటుందయ్యా. ఊరంతా వింటున్నారు కదా."

"ఏమో సారూ, నిన్ననే కొన్నం. బతుకమ్మ పాటలు మంచిగనే వస్తున్నయ్."

"సంగీతం వినే ఓపిక లేకపోతే లేదని చెప్పొచ్చు," అన్నారు నాన్న, ఆయన వినేలాగే. ఆయన పాలు పోసి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఒక డిస్కు స్కూలుకు పట్టుకెళ్ళాను, స్టాఫ్‌రూంలో వినిపించి గొప్పలు పోదామని. మోగలేదు. మా కంప్యూటర్ సారు కాసేపు చూసి నవ్వాడు.

"మేడం, గిండ్ల పాటలే లేవు. పాట యాడుందో చెప్పే చీటీలున్నయ్, గంతే. అసలు పాటలు మీ ఇంట్ల కంప్యూటర్‌ల ఉన్నయ్ గద, గందుకే ఆడ మోగుతాంది."

పాటలకు బదులు వాటి గుర్తుల్ని మాత్రం ఎక్కించానన్నమాట, నలభైకి నలభై. మరి శామీర్‌పేట దాకా దారంతా మోగిందేమిటి? ఎదురింటావిడకు మూడోది నచ్చడమేమిటి? బస్సులో ఇంటికొస్తూ ఒక్కొక్కళ్ళనీ తిట్టుకున్నాను. కొంపల్లి వచ్చేసరికి ఆ వరసలో నేనూ ఉన్నానని గుర్తొచ్చి నోరు మూతపడింది.

నాన్న నడకకు వెళ్ళినప్పుడల్లా కొన్ని చొప్పున సరైన డిస్కులు చేసి, తేలుకుట్టిన దొంగలా ఇల్లిల్లూ తిరిగాను. "అయ్యో, మాకిచ్చారండీ, విన్నాం కూడా," అన్నారు. ఇది ఇంకా స్పష్టంగా ఉంటుందన్నాను. "అలాగా, ఆ ఫ్రిజ్ మీద పెట్టండి," అన్నారు. పాతదానిలో ఏమీ లేదు, మీరు వినలేదు అని ఎవరి మొహం మీద అనను? అంటే అది సాయంత్రానికి నాన్న చెవిన పడుతుంది. కొత్త డిస్కును చేతులు చాచి తీసుకున్నది పాలాయన ఒక్కడే. రెండు రోజుల తర్వాత గేటు దగ్గర ఆగాడు.

"టీచరమ్మా, ఇప్పుడు మోగింది. నాలుగోది మా అవ్వ మళ్ళ మళ్ళ పెట్టమన్నది. తంబూర పట్టుకొని పాడెటోడట మా తాత. గాయన యాదికొచ్చిండని ఒకటే ఏడ్సింది. సారుకు జెప్పుండ్రి. నేను జెప్తే మళ్ళ కోపమైతడు."

చెప్తానన్నాను. చెప్పలేదు. చెబితే, నిన్నటిదాకా మోగనిది ఇవాళెలా మోగిందని అడుగుతారు. దానికి జవాబు చెబితే మిగతా మెప్పులన్నీ కుప్పకూలిపోతాయి. కక్కలేక మింగలేక ఊరుకున్నాను.

ఈలోగా నాన్న, ఉగాదికి కాలనీ పార్కులో వాయిస్తానని సెక్రటరీకి మాటిచ్చేశారు. "ఇంతమందికి నచ్చింది కదమ్మా. డిస్కులో వినడం వేరు, ఎదురుగా వినడం వేరు." అప్పటికి ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. వద్దన్నాను, డాక్టరు మాట గుర్తుచేశాను. "ఒక్క అరగంట ఆగుతుందిలే," అని చెయ్యి వైపు చూసుకుని నవ్వారు. ఆయన్ని ఆపగలిగింది నిజం ఒక్కటే. మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆ ముఖంలో సంతోషం చూసి, మందు వేసుకున్నారా అని అడిగి ఊరుకున్నాను.

ఉగాదినాడు షామియానా కింద పచ్చడి పంచుతుండగా మొదలుపెట్టారు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత కడ్డీ తీగల మీద గడగడా కొట్టుకోవడం మొదలైంది. ఆపి, తుడుచుకుని, మళ్ళీ అందుకున్నారు. ఈసారి కడ్డీ జారి కిందపడింది. అయిపోయిందనుకున్నారో, జాలిపడ్డారో, ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. చప్పట్లు కొట్టాక వాయించడం ఎలా? నాన్న దండం పెట్టారు. సెక్రటరీ గారు మైకు అందుకుని, ఇప్పుడు పిల్లల డాన్సులు అన్నారు.

గిటారు నేను మోసుకొచ్చాను. ఇంటికొచ్చాక నాన్న కడ్డీ తుడిచి పెట్టెలో పెట్టేశారు. నాకు ఏడుపు ఆగలేదు. చివరికి ఆయనే నన్ను ఓదార్చారు.

"పోనీలేమ్మా. ఇవాళ పాడైతేనేం, డిస్కులో బాగా వచ్చిందిగా. అందరూ విన్నారు, నాకది చాలు." లేవబోతూ, "ఆ పాలాయనే, పాపం. ఆయనొక్కడే వినలేకపోయాడు," అన్నారు.

"అవును నాన్నా," అన్నాను.