ఐదుగురు అయ్యేదాకా విప్పని సీసా

"ఐదుగురు కాలే సరితా, వచ్చే బుధారం రా."

"సరే ఆయమ్మా."

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. సరిత బతికే ఉంది. నాతో మాట్లాడదు, అంతే.

కరోనా తగ్గిన మరుసటి ఏడు అది. మా ఆయన పోయాక నేను తార్నాకలో ఒక చిన్న సర్కారు దవాఖానలో ఆయాగా చేరాను. బుధవారం టీకాల రోజు. మందు చల్లగా ఉండే మంచుపెట్టె భుజాన వేసుకుని, నర్సమ్మ వెంట యూనివర్సిటీ క్వార్టర్లకు పోవాలి. నాకు చదువు రాదు. ఇది మా చెల్లెలి కూతురు స్వప్న రాస్తోంది. లెక్క మాత్రం వచ్చు. వాకిట్లో నిలబడి పిల్లల్ని లెక్కపెట్టేది నేనే.

తట్టు టీకా పొడిగా వస్తుంది. నీళ్లమందు కలిపాక నాలుగు గంటలే పనికొస్తుంది, మిగిలితే పారేయాలి. సీసా ఐదుగురికి సరిపోతుంది. ఒక్క బిడ్డ వచ్చినా విప్పమనే పైవాళ్ల మాట. మాకు పారేయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఐదుగురు అయ్యేదాకా ఆగేవాళ్లం.

ఆ రోజు సరిత బిడ్డతో కలిపి నలుగురే వచ్చారు. సరిత హాస్టల్ మెస్సులో వంటమనిషి. అడిగి సెలవు తెచ్చుకుని, తొమ్మిది నెలల బిడ్డను ఎత్తుకొచ్చింది. నర్సమ్మ లోపల రాసుకుంటోంది. తిప్పి పంపింది నేనే. సరితకు మళ్లీ సెలవు దొరకలేదు. నేనూ ఆరా తీయలేదు.

నెల దాటాక ఆమె గుమ్మానికి వేపమండలు కనపడ్డాయి. వేపమండ కట్టారంటే ఇంట్లో తట్టు పోసినట్టు. ఎవరింట్లో తట్టు పోసిందో చెప్పే కాగితం ఏదీ మా దవాఖానకు ఆ వేపమండ కంటే ముందు వచ్చేది కాదు. లోపలికి పోయి చూశాను. బిడ్డకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెవుల వెనక మొదలైన దద్దు ఒళ్లంతా దిగింది. ఊపిరికి డొక్కలు ఎగరేస్తోంది.

సరిత అత్త అడ్డం నిలబడింది. "తల్లి వోసింది. పిల్ల గడప దాటొద్దు. తల్లికి కోపమొస్తది."

"యాపమండ గట్లనే ఉండనియ్యి. పిల్ల పక్కకు గూడ రెండు రెమ్మలు పెట్టు. తల్లి గూడ మనతోని ఆటోల వస్తది."

"నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు, పెట్టె మోస్త. గీ ఊపిరి మంచిది కాదని పెట్టె మోసేటోళ్లకు గూడ తెలుస్తది."

సరిత బిడ్డను తీసుకుని, నన్ను దాటుకుని పోయి ఆటో ఎక్కింది. నల్లకుంటలో పెద్ద దవాఖానలో న్యుమోనియా అన్నారు. విటమిన్ ఏ మందు రెండు రోజులు పోశారు. పిల్ల బతికింది. ఎడమ చెవి చీము పట్టి, వినికిడి పోయింది. తట్టు చేసే పనుల్లో అదీ ఒకటి.

మరుసటి బుధవారం ఒక్క బిడ్డే వచ్చాడు. సీసా విప్పమన్నాను.

"మిగిలిన నాలుగు సూదులకు ఏం రాయాలె?" అంది నర్సమ్మ.

"పారేసినమని రాయి."

రాసింది. పైవాళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. నేను దిగిపోయేదాకా అట్లాగే చేశాం. ఈ కొలువులో నేర్చుకున్నది ఇంతే: ఒక్క బిడ్డకైనా సీసా విప్పాలి, రాని బిడ్డ ఇంటికి ఆ వారమే పోవాలి.

"తిప్పి పంపింది అందరు కలిసి అని రాద్దాం పెద్దమ్మా, నీ ఒక్కదాని తప్పా?" అంటోంది స్వప్న.

వద్దు బిడ్డా. తిప్పి పంపింది నేనే అన్న కాడికెళ్లి చదువు, ఎట్ల రాసినవో వింట.