దాలి మీద బీన్స్ కుండ

ఇది రాయమని మా పాస్టరమ్మ గారు నోటుపుస్తకం ఇచ్చి వారమైంది. నేను ఐదో తరగతి దాకే చదివాను. చెప్పమంటే చేతులు తిప్పుతూ చెప్పేస్తాను గానీ, చేతిలో పెన్ను పెడితే ఆ చేతులు తిరగవు. ఎక్కడైనా తప్పు పోతే సర్దుకుని చదువుకోండి.

మాది తర్లుపాడు దగ్గర ఊరు. మా చర్చిలో స్త్రీల సమాజం ఏడాదికోసారి ప్రేమవిందు పెడుతుంది. పాతిక ముప్పై మంది ఆడవాళ్ళం కలిసి వండుకుని కలిసి తింటాం. అందులో ఒక పద్ధతి ఉంది. ఒక్కో గిన్నె ఒక్కొక్కరిది. అన్నం వండే ఆమె ఎప్పుడూ అన్నమే వండుతుంది, పప్పుచారు కాచే ఆమె పప్పుచారే కాస్తుంది. ఆమె మానుకుంటేనే ఆ గిన్నె ఇంకొకరి చేతికి వస్తుంది. ఎవరూ మానుకోరు. కళ్ళు సరిగ్గా కనబడకపోయినా గంటె మాత్రం వదలరు. గిన్నె లేని కోడళ్ళంతా ఉల్లిపాయలు ఒలుస్తారు. నేను కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళు దాటింది. మొదటి ఎనిమిది విందులకూ ఉల్లిపాయలే ఒలిచాను. ప్రార్థన మొదలుకాక ముందే ఏడ్చేది మేం కోడళ్ళమే.

పోయిన ఏడు నంజుడు కూర, అదే మాంసం కూర, చేసే పెద్దత్తకు మోకాలు వాచింది. ఆమె మా అత్తకు సొంత అక్క. మీటింగులో లేచి నిలబడలేక కూర్చునే చెప్పింది.

"ఈసారికి ఎవురన్నా చెయ్యండి. ఈసారికే."

నా చెయ్యి దానంతట అది లేచింది.

"నువ్వా? ఏం చేస్తావ్ మ్మే?" అంది పెద్దత్త.

"బీన్స్, పంది ముక్కలు" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. నిజానికి ఆ కూర నేను ఎప్పుడూ చేయలేదు. నాలుగు రోజుల ముందు ఫోన్లో చూశాను, అంతే. ఎక్కడిదో తెల్లామె ఒకామె కరెంటు కుండలో పచ్చి బీన్స్ వేసింది, పైన ఉప్పులో ఊరబెట్టి పొగబెట్టిన పంది పట్టీలు వేసింది, మూత పెట్టి మీట నొక్కి పనికి పోయింది. సాయంత్రం వచ్చి మూత తీస్తే కూర తయారు. దాన్ని స్లో కుక్కర్ అంటారట.

"బాగా చెయ్యకపోతే వచ్చే ఏడు మళ్ళా ఉల్లిపాయలే" అంది పెద్దత్త. "బాగుంటే అప్పుడు చూద్దాం."

ఆ 'చూద్దాం' అనే మాట పట్టుకుని ఇంటికి పరిగెత్తినట్టే పోయాను.

"అట్లాంటి కుక్కర్ మార్కాపురంలో దొరుకుతదా?" అని మా ఆయన్ని అడిగాను.

"దొరికినా కొనేది లేదు. కరెంటు పోయిందనుకో, బీన్స్ పచ్చిగా నిన్ను చూస్తా కూచుంటయి."

అప్పుడు తట్టింది నాకు. కరెంటెందుకు, మాకు దాలి ఉంది కదా! పెరట్లో గుంట తవ్వి, పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన పాలకుండ పెడతాం. మంట రాదు, పొగే. పొద్దున పెట్టిన పాలు సాయంత్రం దాకా సన్నగా కాగి, పైన ఎర్రటి మీగడ కడుతుంది. మా అత్త నలభై ఏళ్ళుగా పొద్దున్నే గేదె పాలు పితికి ఆ కుండలోనే పోస్తోంది. తెల్లామె మీట నొక్కింది, నేను పిడక పెడతాను. అంతే తేడా.

సీమపంది మాంసం తెచ్చాం. పొట్ట దగ్గర కొవ్వు పట్టిన భాగం అడిగి మరీ కోయించాను. పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు, మిరియాల పొడి పట్టించి, దారానికి గుచ్చి కట్టెల పొయ్యి పైన వేలాడదీశాను.

"తోరణాలు కట్టినావు, ఎవురి పెండ్లే?" అన్నాడు మా ఆయన.

నాలుగు రోజులు పొగ తగిలాక అవి గోధుమ రంగుకు తిరిగాయి. ఆ నాలుగు రోజులూ మా వీధి పిల్లి ఇంకెక్కడికీ పోలేదు. పొయ్యి ముందే కూర్చుని తల పైకెత్తి, వాక్యం వింటున్నట్టు చూసేది.

విందు ముందు రోజు మార్కాపురం పోయి బీన్స్ తెచ్చాను. సాయంత్రమంతా వాటి నారలు తీశాను. అప్పుడే మా అత్తకు చెప్పాను.

"అత్తా, రేపు దాలి మీద నా కూరకుండ ఉంటాది. పాలు గ్యాస్ మీద కాచుకుందాం."

"అట్లనే లేమ్మా" అంది.

తెల్లవారుజామున లేచి దాలి ముట్టించాను. పెద్ద కుండలో అడుగున పంది పట్టీలు, వాటి మీద ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఆపైన బీన్స్, ఉప్పు, చెంబుడు నీళ్ళు. మూత పెట్టి, మూత మీద పలకరాయి ముక్క బరువు పెట్టాను. లోపలికి పోయి స్నానం చేసి, చీర మూడుసార్లు కట్టి విప్పి, నాలుగోసారి కట్టాను. పదింటికల్లా నేనూ అత్తా చర్చిలో ఉన్నాం.

ప్రార్థన పొడుగ్గా సాగుతోంది. కళ్ళు మూసుకున్నాను గానీ నాకు కనబడేదంతా కుండే. ఉడికిందా? మాడిందా? ప్రభువా, నిప్పు ఎక్కువ కానియ్యకు. పక్కన మా అత్త నా చెవి దగ్గరికి వంగింది.

"పాలు దాలి మీద పోసే వచ్చినాలే. ఎలుగుబంటి మాదిరి అట్ల ఊగమాక, కుదురుగా కూచో."

కళ్ళు తెరిచాను.

"యాడ పోసినావ్?"

"యాడేంది, కుండలో."

"ఏ కుండలో?"

మా అత్తకు అప్పటికి వెలిగింది. ఆమెకు జలుబు. చీకటి. పొగ. పలకరాయి తీసింది, మూత జరిపింది, రోజూ పోసినట్టే పోసింది, మళ్ళీ మూత పెట్టింది. నలభై ఏళ్ళుగా ఆ పని చేసే చేతికి నేను రాత్రి చెప్పిన మాట ఎవరు చెబుతారు?

"అయ్యో దేవా" అంది గట్టిగానే.

"ఆమేన్" అన్నారు వెనక వరసలో ఇద్దరు.

నాకు ఏడుపు రావాలి. కానీ నవ్వొచ్చింది. పైట నోట్లో కుక్కుకుని బయటపడ్డాను. మా అత్త నా వెనకే వచ్చింది. ఇద్దరం వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాం. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకాయన "ఏందమ్మా, యాడన్నా అంటుకుందా?" అని అడిగాడు. "బీన్స్!" అని అరిచింది మా అత్త. ఆయనకు ఏమర్థమైందో నాకు తెలియదు.

కుండ మూత తీశాం. పాలు తెల్లగా లేవు. ఐదారు గంటలు కాగి, చిక్కబడి, బీన్స్ చుట్టూ మీగడలా పట్టుకున్నాయి. అక్కడక్కడా విరిగి చిన్న చిన్న పలుకులు తేలాయి. పంది కొవ్వు కరిగి పైన బంగారు చుక్కల్లా తిరుగుతోంది.

"పారబోద్దామా?" అన్నాను.

"పారబోసి ఏం పెడతావ్? విందుకు గంట కూడా లేదు. ముందు నోట్లో ఏసుకో."

ఒక బీన్స్ తీసి కొరికాను. కొరకాల్సిన పని లేకుండానే కరిగిపోయింది. ఉప్పు ఉంది, పొగ వాసన ఉంది, వెనక ఒక తీపి ఉంది. బాగుందా బాగలేదా నాకు తెలియలేదు. భయంలో నాలుక పనిచేయదు. మా అత్త కూడా ఒకటి తిన్నది. ఇంకొకటి తిన్నది. మూడోది తీస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పు అత్తా!"

"నాకు జలుబు, నాకేం తెలుస్తాది" అంటూనే మూడోది కూడా వేసుకుంది.

గబగబా పచ్చిమిర్చి చీల్చి, మిరియాలు దంచి, ఇంత కరివేపాకుతో తాలింపు పెట్టి అందులో కలిపాను. కుండకు చెరోవైపు పట్టుకుని చర్చికి నడిచాం. దారిలో ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చి కుండ జారుతుంది.

విందులో నేను వడ్డించాను. కంగారులో పాస్టరమ్మ గారి విస్తట్లో రెండు గంటెలు వేసేశాను. పాతిక మంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని ఎవరూ మాట్లాడకపోవడం మా ఊళ్ళో నేను ఎప్పుడూ చూడలేదు. అయిపోయింది, ఇక జన్మంతా ఉల్లిపాయలే అనుకున్నాను.

అప్పుడు పెద్దత్త తల ఎత్తింది.

"ఇంకొంచెం ఎయ్యి."

వేశాను. తిని, వేళ్ళు నాకి, నన్ను దగ్గరికి రమ్మంది.

"నిజం చెప్పు. ఏం కలిపినావ్ ఇందులో?"

నేను నోరు తెరిచేలోపు మా అత్త అందుకుంది. "పాలక్కా. పాలు పోసి ఉడకబెట్టాల. మా ఇంట్లో ఎప్పుడూ అట్లనే చేస్తాం."

"ఎప్పుడూనా? మీ ఇంట్లో నేను ఎన్నిసార్లు తినలా? ఒక్కనాడన్నా పెట్టినావా నాకు?"

"నువ్వు వచ్చేది పొద్దుబోయినాక. ఇది పగటి కూర."

నేను నీళ్ళు తాగుతున్నాను. ఆ నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. పాస్టరమ్మ గారు నా వీపు తట్టారు. ఆ తట్టుడుకు నాకు ఇంకా నవ్వొచ్చి, ఏం జరిగిందో అక్కడే అందరికీ చెప్పేశాను. అత్త పరిగెత్తిన తీరు కూడా చేసి చూపించాను. అన్నం వండే ఆమె నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. మా అత్త మాత్రం "దేవుడు నా చేత పోయించినాడు, మీకేం తెలుసు" అని కూర్చుంది.

నవ్వులు ఆగాక పెద్దత్త తన మోకాలు నిమురుకుంది.

"నా మోకాలు తగ్గినా సరే, ఈ కూర ఇంక నీదే. నేను కూచుని తింటా." అని, మళ్ళీ గట్టిగా, "అయితే పాలు పొయ్యాల. పొయ్యకపోతే ఒప్పుకోను" అంది.

ఆ రోజు గిన్నెలు తోముతూ కూడా నేను పాడుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చాకే భయం మొదలైంది.

"అత్తా, పాలు ఎన్ని పోసినావ్?"

"ఏమో. గేదె ఎన్ని ఇస్తే అన్ని."

"ఆ పొద్దు ఎన్ని ఇచ్చింది?"

"దాన్నే పోయి అడుగు."

మళ్ళీ విందు వచ్చే నెల. ఇప్పటికి నాలుగుసార్లు చేసి చూశాను. ఒకసారి పాయసం అయింది, ఒకసారి పులుసు అయింది. నిన్న పొద్దున్నే మా అత్తను దాలి దగ్గర నిలబెట్టి, చెంబు చేతికిచ్చి, "ఆ పొద్దు పోసినట్టే పొయ్యి, చూడమాక" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. చెంబు వంచింది. వెంటనే ఇద్దరికీ నవ్వు వచ్చేసింది. సగం పాలు నిప్పులో పడి, బూడిద మా మొహాల మీదికి లేచింది.

"నువ్వు చూస్తాంటే నా చేతికి రాదు, పో అవతలికి!" అని నన్ను తరిమింది. ఎన్ని పోస్తుందో చూద్దామని నేను గేదె వెనక దాక్కున్నాను.